వియ్యపురాలు తినడం లేదు

ఆ జంతుప్రదర్శనశాలలో పాముల గదికీ చేపల గదికీ మధ్య ఇరుక్కున్నట్టు ఉండేది సాలీళ్ళ గది. దాని బాధ్యత మొత్తం ఆమెదే. పోటీకి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. టరాంటులా అన్న మాట వింటేనే చేతులు వెనక్కి కట్టుకునే తోటి పనివాళ్ళు ఆమెను 'సాలీళ్ళమ్మ' అని పిలిచేవారు. ఆమె పలికేది కూడా.

గోడల పొడుగునా అరల్లో గాజుపెట్టెలు. పై అరల్లో చెట్ల మీద బతికే జాతులు. పొడుగు కాళ్ళు, వెడల్పాటి పాదాలు, మూత తీయడమే ఆలస్యం గాల్లోకి ఒక్క దూకు. మధ్య అరల్లో ఎడారి జాతులు. వాటికి కోపమొస్తే వెనక కాలితో పొట్ట మీది నూగు గీకి మన మొహాన కొడతాయి. ఇక రోజంతా దురదే. నూగు లేని జాతులు మరీ మొండివి. వాటికి కోరలే దిక్కు కనుక వెనకాముందూ చూడకుండా కరుస్తాయి. ఒకటి నెమలి మెడలా నీలంగా మెరిసేది. ఇంకొకటి పళ్ళెమంత పెరిగి, నడిస్తే ఎండుటాకుల చప్పుడయ్యేది. "వలలు అల్లవేమిటండీ?" అని చూడవచ్చినవాళ్ళు అడిగేవారు. ఇవి వల పన్ని కూర్చునే రకం కాదనీ, కళ్ళు ఎనిమిదున్నా చూపు ఆనదనీ, బొరియ అంచున కాలు ఆనించి నేల అదురును బట్టి వేట పసిగడతాయనీ ఆమె ఓపిగ్గా చెప్పేది.

అడుగు అరలో, మూల పెట్టెలో ఉండే గోధుమరంగు ఆడది అన్నిటికన్నా వయసులో పెద్దది. ఆమె ఉద్యోగంలో చేరేనాటికే అది అక్కడుంది. మగవి ఆఖరి కుబుసం విడిచాక ఆడదాన్ని వెతుక్కుంటూ తిరిగి తిరిగి, తిండీతిప్పలూ మరిచి కొద్ది కాలంలోనే రాలిపోతాయి. ఆడవి మాత్రం ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి. కోడలు పుట్టింట్లో కన్నా ఆ పెట్టె దగ్గరే ఎక్కువసేపు ఉంటుందని ఆమె అత్తగారి ఎత్తిపొడుపు. అందుకని దానికి 'వియ్యపురాలు' అని పేరు పెట్టింది ఆవిడే. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తూండగానే "మా వియ్యపురాలు భోంచేసిందా?" అని అడిగేది. అలాగని ఆ గది గడప ఎన్నడూ తొక్కలేదు. ఆ కాళ్ళు తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్ళు జలదరించేది.

వానలు పట్టిన రోజుల్లో ముందుగా నీలంది తిండి మానేసింది. కీచురాయిని వేస్తే, అది వీపు మీదికి ఎక్కినా కదల్లేదు. తర్వాత కాళ్ళు లోపలికి ముడుచుకుని, ముల్లు గుచ్చుకున్నదానిలా నడిచింది. ఒకరోజు దాని కోరల మధ్య తెల్లటి జిగురు కనిపించింది. ఆమె వెంటనే బావకు కబురు చేసింది. ఆయన ఆమె అక్క భర్త, అక్కడి జంతువుల డాక్టరు.

"ఏం మరదలా, ఎనిమిది కాళ్ళున్నాయి, ఏ కాలికి నాడి చూడమంటావు?" అంటూ వచ్చాడు ఆయన. జిగురు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాక ఇంక పరాచికాలాడలేదు. లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. చుక్క నిండా దారప్పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

"నులిపురుగులు" అన్నాడు.

"మందు?"

"లేదమ్మా. పశువులకి వేసేది దీనికి వేస్తే పురుగుల కన్నా ముందు ఇదే పోతుంది."

"ఎలా వచ్చాయి బావా?"

"తడికి చేరే చిన్న ఈగలు మోసుకొస్తాయంటారు. నాకూ చదువుకున్నదే గానీ చూసింది లేదు. ముందు గదిని ఎండగట్టు. నీళ్ళ చిప్పలు తప్ప ఎక్కడా చెమ్మ ఉండకూడదు."

ఆమె గదిని ఎండగట్టింది. పెట్టెల్లో మట్టి మార్చింది. అయినా మధ్య అరలో ఇంకో రెండిటి నోళ్ళలో జిగురు కనిపించింది. విషయం పై అధికారి దాకా వెళ్ళింది. ఆయన కసాయివాడేమీ కాదు. తలుపు దగ్గర నిలబడి, ఎటు చూడాలో తెలియక తన బూట్ల వంక చూసుకుంటూ మాట్లాడాడు.

"పక్కనే వేరే గదులున్నాయి. అన్నీ తీసేయడమే మంచిదనిపిస్తోంది. డాక్టరుగారూ, ఏ పెట్టెలో రోగముందో, దేనిలో లేదో మీరు చెప్పగలరా?"

"నోటి దాకా వస్తే చెప్పగలను. అంతకుముందయితే కోసి చూడాలి" అన్నాడు బావ.

ఆమె బతిమాలింది. పై అరల్లో ఉన్నవి తింటున్నాయి, దూకుతున్నాయి, రోగం ఛాయలే లేవంది. ఆయన ఆఖరికి, "సరేనమ్మా, ఒక్కటి. దూరంగా సామాన్ల కొట్టులో పెట్టుకో" అన్నాడు.

బాగా తింటున్నవి అరనిండా ఉన్నాయి. ఆమె వియ్యపురాల్ని ఎత్తుకుంది. అది కూడా కొంతకాలంగా తినడం లేదన్న మాట ఆమె పైకి అనలేదు, బావ అడగలేదు.

మిగిలిన పెట్టెల్ని ఆమే ఒకటొకటిగా ఫ్రీజరులో పెట్టింది. చలికి అవి మొదట మెల్లబడ్డాయి, తర్వాత పిడికిలి మూసినట్టు ముడుచుకున్నాయి. మర్నాడు వాటిని మట్టితో సహా కాల్చేశారు.

కొట్టులో ఆమెకు పనంటూ ఏమీ లేదు. రోగం వస్తే తినదు, కుబుసం విడిచే ముందూ తినదు. ఏదో తేలేదాకా ఎదురుచూడటమే. నోట్లో తెల్లదనం ఉందేమోనని పెట్టె పక్కన నేల మీద పడుకుని, టార్చి వేసి చూసేది. కొన్నాళ్ళకు దాని పొట్ట మీది బట్టతల లాంటి మచ్చ నల్లబడింది. కింద కొత్త చర్మం తయారైతేనే అలా నల్లబడుతుంది. ఇంటికి పరుగున వెళ్ళి అత్తగారికి చెప్పింది. "అయితే నీళ్ళాడబోతోందన్నమాట" అంది ఆవిడ, అన్నీ తెలిసినదానిలా.

ఆదివారం మధ్యాహ్నం అది కుబుసం విడవడానికి వెల్లకిలా పడుకుంది. ఆమె ఫోను చేసి భోజనానికి రానని చెబితే, అత్తగారు భోజనం డబ్బాతో సహా కొట్టుకే వచ్చేసింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని స్టూలు మీద, వీలయినంత దూరంగా కూర్చుంది. సాలీడు వీపు చిప్ప మూతలా లేచింది. కాళ్ళు పాత తొడుగుల్లోంచి కొంచెం కొంచెం జారసాగాయి. అత్తగారు తనకు తెలియకుండానే స్టూలు ముందుకు జరుపుకుంది.

"పురుడులాగే ఉందే" అంది మెల్లిగా. తర్వాత, "ఆగిపోయిందేం?"

కాళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. పాత చర్మం ఎండిన తోలులా బిగిసింది.

"ఓ చెయ్యి వేసి లాగరాదూ?"

"కొత్త కాళ్ళు వెన్నలా ఉంటాయి అత్తయ్యా. లాగితే ఊడొస్తాయి."

"మరేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

అయినా ఆమె తడి దూది తెచ్చి కీళ్ళ దగ్గర చుక్క చుక్కగా పిండింది. అది ఊపిరి కూడగట్టుకున్నట్టు ఒకసారి తోసింది. చాలాసేపటికి ఇంకోసారి. డబ్బాలో భోజనం చల్లారిపోయింది. కిటికీలో వెలుగు తగ్గేవేళకు ఆ కాళ్ళలో ప్రాణం పోయింది. అత్తగారు కోడలి వీపు మీద చెయ్యి వేసి, తీయలేదు.

కోసి చూడమని బావను అడిగింది ఆమే. ఆయన పొద్దున్నే వచ్చి, ఒకటికి రెండుసార్లు చూశాడు. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఒక్క పురుగూ లేదు. వట్టి కుబుసమే."

"మరి పై అరల్లోవి?"

"కాల్చేశాం కదమ్మా. ఇప్పుడెవరు చెప్తారు?" చేతి తొడుగులు తీస్తూ, "ఎండగట్టమన్నది నేనే. చెమ్మ చాలక చర్మం పట్టేసిందేమో. కాకపోవచ్చు కూడా. ముసలిది" అన్నాడు.

కాదని ఆయన్ని ఓదార్చాలనిపించింది ఆమెకు. అవునని దులిపెయ్యాలనీ అనిపించింది. ఏదో ఒకటి నిజమని తెలిస్తే కదా నోరు తెరవడానికి. పళ్ళెం మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుంది.

సాలీళ్ళ గదికి మందునీళ్ళు కొట్టి తాళం వేశారు. ఆమెను చేపల గదికి మార్చారు. ఒకరోజు పై అధికారి అక్కడికొచ్చి, గది శుభ్రమైందనీ, గోళ్ళంతేసి పిల్ల సాలీళ్ళను పంపుతామని ఎవరో అంటున్నారనీ చెప్పాడు. తెప్పించనా అని అడిగాడు.

ఆమె చేపల మేత గిన్నె చేత్తో పట్టుకుని నిలబడింది. తెమ్మనలేదు, వద్దనలేదు. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు.