చేయి విడిచిన నిచ్చెన

జ్యేష్ఠమాసము ముగియవచ్చెను. కాటుకకొండలవలె నైరృతిదిక్కున పేరుకొనిన మేఘమాలికలు మిట్టమధ్యాహ్నమునకే భానుబింబమును మరుగుపఱచి విజయనగర వీథులయందు అకాలసంధ్యాచ్ఛాయలను పఱచుచుండ వానలు పట్టకమున్నే పెంకుటింటి కప్పు బాగుచేయింపవలెనని వకీలు భీమశంకరముగారి యిల్లాలు చెల్లాయమ్మ ఉదయమునుండియు నారాటపడుచుండెను.

ఆమె పిలిపించిన పెంకులు నేయువాడు సింహాద్రి వెదురునిచ్చెనను చూరునకు చేర్చి కప్పుపై కెక్కియుండెను. పాకుడుపట్టిన పెరటిబండలపై నిచ్చెన నిలువదని యెఱిగిన యాతని భార్య పైడితల్లి నిచ్చెనకాళ్లకు తన పాదములడ్డుపెట్టి రెండుచేతులతో దానిని పొదివిపట్టుకొని జాముసేపటినుండి కదలక నిలిచియుండెను.

ఇంతలో నాలుగు చినుకులు రాలెను. పెరటిలో నారబోసిన మినపవడియములు చెల్లాయమ్మకు జ్ఞప్తికి వచ్చెను. తానే దిగి తీసికొనవచ్చును. కాని కట్టుకొనిన పట్టుచీర తడియునని యరుగుమీదనే నిలిచి కేకవేసెను.

"పైడితల్లీ! ఆ వడియాల చాప లోపల పెట్టవే!"

"అమ్మా, నానిక్కణ్ణుంచి కదిల్తే నిచ్చిన జారిపోతాది. మావోడు దిగీదాకా ఉండండమ్మా."

"ఒక్క క్షణంలో ఏం ముంచుకొస్తుందే? నేను చెబుతున్నానుగా, వెళ్లు!"

పైడితల్లి పైకి చూచెను. పెనిమిటికి కేకవేయబోయి యజమానురాలి కనుబొమలముడి గాంచి మాట మ్రింగుకొని చేతులు విడిచెను. ఆమె చాప నెత్తుకొని వసారా చేరులోపలనే క్రిందనెవ్వరును లేరని యెఱుగని సింహాద్రి నిచ్చెనమీదికి కాలు మోపెను. వెదురుకాళ్లు బండపై జాఱిన చప్పుడును చేతిలోని పెంకులు పగిలిన చప్పుడును అటుపిమ్మట మనుష్యుడు పడిన చప్పుడును ఒకదానివెంట నొకటి వినవచ్చెను.

సింహాద్రిని ఆసుపత్రికి చేర్పగా తొడయెముక విఱిగినదనియు ప్రాణభయము లేకున్నను ఇక నీతడు కప్పు లెక్కజాలడనియు వైద్యుడు చెప్పెను. కచేరినుండి యాసుపత్రికి పరుగున వచ్చిన వకీలుగారు జరిగినదేమని యడుగ పైడితల్లి తల వంచుకొని "తప్పు నాదే బాబూ. నానే నిచ్చిన ఒగ్గీసినాను" అనెను.

"అంత అజాగ్రత్త అయితే ఎలాగే?" అని యాయన మందలించెను.

మంచమునొద్దనే నిలిచియున్న చెల్లాయమ్మ యది వినెను. ఊరకున్నచో నెవ్వరును తన్ను ప్రశ్నింపరు. రెండుమాఱులు నోరు తెఱచి మూసికొనెను. మూడవమాఱు మాట వెడలెను.

"దాన్ని అనకండి. అది రానంది. నేనే కసిరి పిలిచాను. నా చీర తడుస్తుందని పిలిచాను."

పైడితల్లి మెల్లగ తలయెత్తి యెన్నడును లేనిది యజమానురాలి కన్నులలోనికి సూటిగా జూచెను. సత్యము చెప్పినంతనే మనసు తేలికపడునని తలచిన చెల్లాయమ్మకు అట్లు కాలేదు. ఒకని ప్రాణమును పట్టియున్న చేతులను వేఱొకపనికి పిలుచు నధికారము ఎంతటివారికిని లేదని యామె యెఱింగెను గాని యా యెఱుక ఆలస్యముగా వచ్చెను. పైడితల్లి మరలి పెనిమిటి నుదుటిచెమటను కొంగుతో తుడువసాగెను.