సర్దుకున్నాం

బీర్‌గావ్ కార్మికుల చదువుల గదిలోంచి కంప్యూటరును ఇద్దరు మనుషులు మోసుకుపోతుంటే, దాని తీగ నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళింది. దుర్గారావు ఆ తీగను కాలితో తొక్కిపట్టాడు.

"ఎక్కడికి అట్టుకుపోతన్నారు? అది మేం సందాలేసుకుని కొన్నది."

"కంప్యూటర్ మీదే భాయ్. లోపలున్నది మాది. తుడిచేసి తిరిగిచ్చేస్తాం," అన్నాడు వీరేంద్ర, గుమ్మంలో బూట్లు విప్పకుండానే.

లోపలున్నవి ఎంట్రీలు. ఏ పుస్తకం ఎవరు రాశారు, దేని గురించి, ఏ అలమరలో ఏ అరలో ఉంది అని పుస్తకానికొకటి చొప్పున ఎక్కించిన వివరాలు. రోలింగ్ మిల్లు రెండు వేళ్ళు మింగేశాక, మిగిలిన వేళ్ళతో దుర్గారావు షిఫ్టు దిగొచ్చి కొట్టిన ఎంట్రీలు. ఇవాళ అవి వీరేంద్రవయ్యాయి.

ఎలాగంటే, వీరేంద్ర రాయపూర్‌లోని చిన్నాచితకా లైబ్రరీలన్నిటినీ కలిపి 'గ్రంథ్‌సేతు' అని ఒక ఉమ్మడి జాబితా పెట్టాడు. మీ ఎంట్రీలు నాకివ్వండి, అందరివీ అందరికీ కనిపిస్తాయి, పుస్తకాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు అన్నాడు. మంచి మాటే కదా అని అందరూ ఇచ్చారు. ఇచ్చాక పాలసీ అనే కాగితం వచ్చింది. ఎక్కించిన ఎంట్రీ గ్రంథ్‌సేతుది. సభ్యులు చూడవచ్చు, కాపీ చేసుకోకూడదు, పక్క లైబ్రరీకి ఇవ్వకూడదు. ఇస్తే చోరీ. చోరీ చేసినవాళ్ళకు ఏ లైబ్రరీ పుస్తకం ఇవ్వకూడదు.

ఆ చోరీసొత్తును పెన్‌డ్రైవులో వేసి బీర్‌గావ్‌కు చేర్చిన మనిషి ఆ గదిలోనే గోడకు చేరబడి నిలబడి ఉంది. పేరు హెలెన్. రైలు నడిపే ఎలీషా భార్య. బీఏ చదివింది. రైల్వే కాలనీ తెలుగు లైబ్రరీని మధ్యాహ్నాలు ఊరికే చూసుకుంటుంది. ఒకే పుస్తకం రెండు చోట్ల ఉన్నప్పుడు రెండుసార్లు కొట్టడం దేనికని, పక్కింటికి తోడుకు పెరుగిచ్చినట్టు తన ఎంట్రీలు ఇచ్చింది. తోడుకిచ్చిన పెరుగు మీద కేసు పడుతుందని ఆమెకు తట్టలేదు.

వీరేంద్ర ఫోనులో ఒక ఎంట్రీ తెరిచి చూపించాడు. "సబూత్, రుజువు కావాలా? మా జాబితాలో ఉన్నదే వీళ్ళ జాబితాలోనూ ఉంది, అక్షరం తేడా లేదు." కింద గమనికలో ఇలా ఉంది: 'చివరి పేజీ లేదు. పిల్ల బతుకుతుంది, కంగారు పడకండి.'

"అది నేను రాసింది," అంది హెలెన్.

"ఇప్పుడు గ్రంథ్‌సేతు రాసింది. అడ్జస్ట్ కర్ లీజియే, మేడమ్‌జీ."

అంటే సర్దుకుపొమ్మని. పెళ్ళయిన దగ్గర్నుంచీ హెలెన్‌కు బాగా అలవాటైన మాట. ఈసారి మాత్రం గొంతు దిగలేదు.

ఆదివారం రైల్వే కాలనీ లైబ్రరీ కిక్కిరిసిపోయింది. ఉర్లా మిల్లుల కూలీలు, కాలేజీ పిల్లలు, తెలీబంధా చర్చి ఆడవాళ్ళు, ధర్సీవా నుంచి వచ్చినవాళ్ళు. లైబ్రరీ ప్రెసిడెంటు మల్లేశ్వరరావు, రిటైరైన గార్డు, పచ్చజెండా ఊపినంత మెల్లగా చెయ్యెత్తాడు.

"వినతిపత్రం ఇద్దాం. ఆయనా మనిషే. మనమూ కొంచెం సర్దుకుపోతే..."

"ఏటి బాబూ సర్దుకుపోయేది?" అప్పలనరసమ్మ లేచింది. ఉర్లాలో తుక్కు ఏరే మనిషి. "మా పిల్ల నర్సింగు పరీచ్చకి సదూతంది. లైబ్రరీల పుస్తకాలే ఆధారం. బీర్‌గావ్ గదోళ్ళమని ఆపీసినారు. దొంగలికి పుస్తకాలివ్వరట. ఏటి దొంగిలించినాం మేం? పిల్ల ఒట్టి సేతుల్తో పరీచ్చకి పోవాలా?"

"ఆడి ఆపీసు అద్దాలు బద్దలుకొట్టీసి వస్తే సరి," అన్నాడు దుర్గారావు. వెనక వరసలు గట్టిగా అరిచాయి.

"అద్దాలకు ఇన్సూరెన్సు ఉంటుంది దుర్గారావూ," అంది హెలెన్. "మా అత్తగారు నేను కాపరానికొచ్చిన కొత్తలో సర్దుకుపొమ్మన్నారు. సరేనని సర్దాను. వంటింట్లో డబ్బాలన్నీ. ఒక్కటీ పారెయ్యలేదు, ఊరికే చోట్లు మార్చానంతే. ఆ వారమంతా కాఫీపొడికి కూడా ఆవిడ నన్నే అడగాల్సొచ్చింది. 'అమ్మా హెలెన్' అని పిలవడం అప్పుడే మొదలుపెట్టారు."

నవ్వులు లేచి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. కాలేజీ పిల్ల భావన గబుక్కున నిలబడింది. "ఆంటీ! వాడి దగ్గరున్నవి అరల నంబర్లే. పుస్తకాలు మన దగ్గరున్నాయి!"

"మరి చదివేవాళ్ళ గతేంటమ్మా?" మల్లేశ్వరరావు గాభరాపడ్డాడు.

"కొత్త ఎంట్రీలు మనవే కొట్టుకుందాం," అన్నాడు దుర్గారావు. "ఆడికి ఎక్కించం, అంతే."

"ఎవరడిగినా ఇద్దాం," అంది హెలెన్. "ఒక్కడికి తప్ప."

గురువారం వీరేంద్ర తన జాబితాను కాలేజీలకు అమ్ముకోవడానికి, దాంతో పుస్తకం ఇట్టే దొరుకుతుందని చూపించేందుకు ప్రిన్సిపాళ్ళను రైల్వే కాలనీ లైబ్రరీకే తీసుకొస్తున్నాడు. పూలగుత్తులతో సహా. బుధవారం పొద్దున్నుంచే పని మొదలైంది. షిఫ్టు లేనివాళ్ళు అలమరాలు ఖాళీ చేశారు. ఆడవాళ్ళు నడుముకు కొంగులు బిగించి పుస్తకాలు చేతులు మార్చారు. చరిత్ర ఉన్నచోట ఊరగాయలు, న్యాయశాస్త్రం ఉన్నచోట పసిపిల్లల పెంపకం. దుర్గారావు భావన పక్కన కూర్చుని కొత్త చోట్లు కొడుతూనే ఉన్నాడు.

"ఇంతకీ ప్రేమకథలు ఎక్కడ పెట్టార్రా?" అని మల్లేశ్వరరావు మెల్లగా వాకబు చేశాడు.

"మీ కుర్చీ వెనకే, తాతగారూ," అంది భావన.

గురువారం ఒక ప్రిన్సిపాల్ భారతదేశ చరిత్ర అడిగాడు. తెర మీద నాలుగో అలమర, రెండో అర అని వచ్చింది. వీరేంద్ర ఠీవిగా నడిచి వెళ్ళి పుస్తకం లాగి అందించాడు. ఆవకాయ, మాగాయ, గోంగూర. ప్రిన్సిపాల్ అట్ట తిప్పి చూశాడు. రెండోసారి లా పుస్తకం కోసం వెళ్ళి, అట్ట మీద ఉయ్యాల్లో పసిబిడ్డ ఉన్న పుస్తకం తెచ్చాడు. మూడోసారి వీరేంద్ర అట్ట చూసి పుస్తకాన్ని మళ్ళీ అరలోకే తోసేశాడు. గోడవారగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే అతన్ని ఎక్కువ కోసింది.

"పుస్తకాలు ఏవి?"

"ఇక్కడే ఉన్నాయి. ఒక్కటీ పోలేదు," అంది హెలెన్.

"ఎక్కడ?"

"చెప్పాలంటే ఎంట్రీ చూడాలి కదండీ. ఎంట్రీ మీది."

దుర్గారావు వేళ్ళు తెగిన చెయ్యి అతని ముఖం ముందు పెట్టాడు. "ఇదీ అట్టుకుపో. ఇది లేకుండా నీ జాబితా ఎలా నడుస్తాదో సూస్తాం. బీర్‌గావ్ కంప్యూటరు, మా ఎంట్రీలు ఎక్కడున్నవక్కడ పెట్టు. పుస్తకాలు దాచుకునే అలవాటు మాకు లేదు."

ప్రిన్సిపాళ్ళు పూలగుత్తులు కుర్చీల్లో వదిలేసి వెళ్ళిపోయారు. వీరేంద్ర పోలీసులకు ఫోను చేశాడు.

ఎస్సై అలమరాల చుట్టూ తిరిగి, "ఏం పోయింది?" అని అడిగాడు. ఏమీ పోలేదు. "ఏం పగిలింది?" ఏమీ పగలలేదు. "మరి ఏం చేశారు మీరు?"

"సర్దుకున్నాం," అన్నారు ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో.

ఏ సెక్షను కిందికి వస్తుందో తేలకపోయినా హెలెన్‌నూ దుర్గారావునూ వ్యాన్ ఎక్కమన్నారు. అందరికంటే ముందు మల్లేశ్వరరావు ఎక్కి కూర్చున్నాడు.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు, బాబాజీ?"

"ప్రెసిడెంటును. సర్దమని సంతకం పెట్టింది నేను," అని అబద్ధమాడాడు. ముప్పై ఏళ్ళు బండికి జెండా చూపించిన మనిషి ఆ వేళ కదలమన్నా కదలలేదు.

ఠాణా బయట బీర్‌గావ్ షిఫ్టు దిగినవాళ్ళు నిలబడిపోయారు. అప్పలనరసమ్మ గొంతు గోడ దాటి లోపలికి వస్తోంది. "మా ఎంట్రీలు మాకే! మా పుస్తకాలు అందరికీ!" ఆమె అన్నదాన్నే హిందీలో తిప్పి అనేవాళ్ళు పెరుగుతున్నారు.

బల్ల మీద ఫోను మోగింది. ఎస్సై విని, పెట్టేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ విన్నాడు. ఈసారి రిసీవరు పెట్టకుండానే హెలెన్ వైపు తిరిగాడు.

"తెలీబంధా చర్చి లైబ్రరీలోనూ ఇదే గోలట. ధర్సీవాలో అలమరాలు బయటికి లాగుతున్నారట. వీళ్ళందరికీ ఎవరిచ్చారమ్మా ఈ ఆలోచన?"

హెలెన్ బెంచీ మీద కొంచెం జరిగి, రాబోయేవాళ్ళకు చోటు చేసింది.

"ఎంట్రీలు పంచుకోకూడదని పాలసీలో ఉంది సార్. సర్దడం పంచుకోకూడదని లేదు."