పెట్టెలోని తేదీ

పొద్దున్నించి అక్క ఇంట్లోని పెట్టె కొలిచే ఊపిరి రీడింగులు ఆసుపత్రి సర్వర్‌కి చేరడం లేదు. నాలుగింటికల్లా చేరకపోతే డాక్టరమ్మ ఆమెను మళ్లీ వార్డుకి రప్పిస్తుంది. కిందటిసారి అక్కడ నలభై రోజులు పడుకున్న అక్క, ఇంకోసారి ఆ మంచం ఎక్కించొద్దని చెల్లెలి దగ్గర మాట తీసుకుంది. చెల్లెలు ధీమాగానే మాటిచ్చింది. ఆ సర్వర్‌ని రాసింది తనే మరి.

నాలుగువందల ఇళ్లలోని పెట్టెలతో ఒకేసారి మాట్లాడే సర్వర్ అది. ఎవరి కోసమూ కాచుకుని కూర్చోదు. ఒకరు ఆలస్యం చేస్తే పక్కవాళ్ల పని చూసుకుంటుంది. అక్క పెట్టె అరనిమిషానికోసారి వచ్చి తలుపు తడుతోంది. గుర్తులు చూపించుకుని మాట కలిపేలోపే, కారణం చెప్పకుండా వెళ్లిపోతోంది. మూడోవాళ్లు వినకుండా ఆ మాటలకి తాళం వేసిందీ చెల్లెలే. ఇప్పుడు తనే మూడోమనిషిలా బయట నిలబడింది.

గడువు తీరిందేమోనని, పెట్టెలు నమ్మడానికి సర్వర్ చూపించే గుర్తింపు పత్రం చూసింది. ఇంకా ఏడాది ఉంది. సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. మిగతా మూడువందల తొంభై తొమ్మిది పెట్టెలూ బుద్ధిగా వచ్చి చేరాయి. పక్క సీటాయన వచ్చి తొంగిచూసి, తప్పు మనవైపు లేదండీ అని తేల్చి టీకి వెళ్లాడు.

రెండున్నరకి అక్కకి ఫోన్ చేసి, పెట్టె మీది చిన్న తెరలో ఏముందో చదవమంది. అక్క కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అంకే కూడబలుక్కుంటూ తేదీ చదివింది.

"దీంట్లో మీ బావ ఇంకా బతికే ఉన్నారే," అంది.

ఆరేళ్ల కిందటి తేదీ. ఏది తుడవాలన్నా ముందు స్విచ్ కట్టేయడం అక్క అలవాటు. లోపలి చిన్న బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో, ఇవాళ పెట్టె తుడవడానికి కరెంటు తీయగానే గడియారం పెట్టె తయారైన నాటికి వెళ్లిపోయింది. ఆ నాటికి సర్వర్ పత్రం ఇంకా పుట్టనే లేదు. పుట్టనిదాన్ని పెట్టె ఎలా నమ్ముతుంది?

"సరైన తేదీ అక్కణ్నించి నువ్వే పంపించవే."

"అది తాళం వేసిన దారిలోనే రావాలక్కా. తాళం తెరుచుకోవాలంటే ముందు తేదీ సరిగ్గా ఉండాలి. ఎవరైనా తప్పుడు తేదీ పంపుతారేమోనని అలా పెట్టింది నేనే."

అక్క దగ్గొచ్చేదాకా నవ్వింది. "పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. ఇంత చదువూ ఇందుకా తల్లీ?"

పెట్టెకి తేదీ మార్చే మీట లేదు. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుంది. అక్క ఇల్లు ఒక పూట ప్రయాణం. పోనీ ఊపిరి అంకెలు ఫోన్లో చెబుతానంది అక్క. చెల్లెలు వార్డు నర్సుని బతిమాలింది. నోటిమాట లెక్కలోకి రాదని, పెట్టె పంపినవే కావాలని నర్సు మర్యాదగానే చెప్పింది. డాక్టరమ్మ ఆపరేషన్లో ఉందట. అయినా అక్క చదువుతూనే ఉంది: తొంభై నాలుగు, తొంభై అయిదు. చెల్లెలు కాగితం మీద రాస్తూనే ఉంది. మంచి అంకెలే.

అయిదు కాకముందే ఆసుపత్రి వ్యాన్ అక్క ఇంటికి వచ్చింది. అక్క కోప్పడలేదు, ఇచ్చిన మాట గుర్తుచేయలేదు. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు, ఎవరో మెల్లిగా నడవమనడం ఫోన్లో వినిపించాయి. చెల్లెలి ముందు తెర మీద ఆ పెట్టె ఇంకా అరనిమిషానికోసారి వచ్చి తలుపు తట్టి పోతోంది.

"ఇంట్లో ఎవరూ ఉండరు కదే. పెట్టె స్విచ్ కట్టేసి వెళ్లనా?" అంది అక్క.

పెట్టె మరోసారి వచ్చి తట్టడం చెల్లెలు చూసింది; దాంట్లో బావ ఇంకా బతికే ఉన్నారు.

"ఉండనీ అక్కా," అంది.