గాలి పక్కకి తిరిగే దాకా

ఆగస్టులో అడవిలో హకిల్‌బెర్రీ పళ్ళు పండాయంటే వెర్నాకి ఇంట్లో కాలు నిలవదు. అరవై మూడేళ్ళ మనిషి. మొంటానా కొండల్లో ఏ వాలున ఏ పొద ఎప్పుడు కాస్తుందో ఆమెకి కొట్టినపిండి. ఆ ఏడు, చనిపోయిన భర్తకి తమ్ముడైన ఆర్లిన్ కూడా వెంట బయల్దేరాడు, భుజాన తుపాకీతో.

వెర్నా నడుం బెల్టుకి ఎలుగుల్ని తరిమే కారం స్ప్రే డబ్బా తగిలించుకోవడం చూసి అతను నవ్వాడు.

"మిరపకారంతో ఎలుగుకి తాలింపు పెడతావా వదినా?"

"పెడతా. మీదికి ఉరికొచ్చే ఎలుగుని ఒక్క గుండుకి పడగొట్టే మొనగాడివి నువ్వైతే నీ దారి నీది. నాకంత గురి లేదు."

గురి లేదుగానీ సాధన ఉంది. ఏటా వసంతంలో, కారం లేని డబ్బా ఒకటి పట్టుకుని పెరట్లో నిలబడి, చెయ్యి నడుం మీదికి, పిన్ను బయటికి, మీట కిందికి, వందసార్లు చేసేది. ఇరుగుపొరుగు ఏమనుకున్నా పట్టించుకోలేదు.

పొద్దున పదింటికి వాగు పక్క వాలు మీద పళ్ళు కోస్తున్నారు. గట్టిగా కబుర్లాడుతున్నా వాగు హోరు మాటల్ని మింగేసింది. పొదల్లోంచి తల్లి గ్రిజ్లీ ఎలుగు లేచి నిలబడింది. వెనకాల పిల్ల. మధ్యన ముప్ఫై అడుగుల దూరమైనా లేదనిపించింది ఆర్లిన్‌కి, నిజానికి అరవై ఉంటుంది. కోతకి రెండు చేతులూ కావాలని అంతకుముందే తుపాకీని దూరంగా చెట్టుకి ఆనించి వచ్చాడు. అటు తిరిగి పరుగు అందుకోబోయాడు.

"కదిలావంటే ముందు నీ మీదే కొడతా," అంది వెర్నా, గొంతు పెంచకుండా.

గాలి ఎదురు కొడుతోంది. ఇప్పుడు మీట నొక్కితే కారమంతా తమ కళ్ళలోనే. మరిది చొక్కా పట్టుకుని, ఎలుగుకి వీపు చూపకుండా, అడుగులో అడుగేస్తూ పక్కకి జరిగింది. చెంపకి గాలి తగిలింది. చాలు. పిన్ను తీసింది.

ఎలుగు చెవులు వెనక్కి పెట్టి దూకింది. నేల అదిరింది. ఇంకా కాదు, ఇంకా కాదు అనుకుంటూ ఆగింది వెర్నా. అది మధ్యలో పడి ఉన్న మాను దాటగానే దాని ముందు కాళ్ళకేసి నొక్కింది. నారింజరంగు పొగ గోడలా లేచింది. జంతువు అందులోకి చొరబడి, గిర్రున తిరిగి, తుమ్ముకుంటూ పిల్లతో సహా వాలు దిగిపోయింది.

మిగిలిన ఘాటు కాస్త వీళ్ళకీ తగిలింది. ఆర్లిన్ కళ్ళలోంచి ధారలు. తుపాకీ తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి దిగి, బండిలో ఉన్న నీళ్ళతో కళ్ళు కడుక్కున్నాడు.  వెర్నా బండి మెట్టు మీద కూర్చుని హాయిగా నవ్వుకుంది.

"మిగిలింది ఈ పళ్ళ బకెట్ల మీద కొట్టనా, ఎలుగు ఇక దగ్గరికి రాకుండా?" అన్నాడతను డబ్బా అందుకోబోతూ.

ఆమె చేతి మీద ఒక్కటి వేసింది. "దోమల మందనుకున్నావా? కారం ఎండిపోయాక ఆ వాసనకే ఎలుగు నాకడానికొస్తుంది."

అటవీ శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి, తల్లీపిల్లా ఎక్కడ కనిపించాయో చెప్పింది. సాయంత్రానికి వాళ్ళు ఎవరూ వెళ్ళకుండా ఆ దారికి గొలుసు కట్టేశారు. మర్నాడు వెర్నా కొత్త డబ్బా కొనుక్కుని, అవతలి కొండకి పోయింది. ఆర్లిన్ కూడా వెళ్ళాడు, అతనికీ ఒకటి కొనిపించింది.