గులాబీ బొమ్మ సభ్యుడు

మా తాళాలు బాగుచేసేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో నేను ఎవరినీ నమ్మను. అయినా ఎవరేం అడిగినా ముందు పలికేది నేనే. అలాగైతేనే నలుగురి నోట్లో నానుతాం, పని దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నం, మొహానికి బదులు గులాబీ బొమ్మ పెట్టుకున్న కొత్త సభ్యుడొకడు, "తాళంచెవి లోపలే విరిగింది, ఎలా తియ్యాలి?" అని అడిగాడు. ఎవడి ఇంటికి కన్నం వేస్తున్నాడో! దొంగ చేతికి తాళాలివ్వడానికి నేనేమైనా వెర్రివాణ్ణా?

"ముందు తలుపు ఫోటో పెట్టు" అన్నాను.

పెట్టాడు. ఆకుపచ్చ తలుపు, గడియ పక్కన నా ఉలి జారి పడిన గీత. అది మా ఇల్లే!

కొట్టు మూసి, సుత్తి పట్టుకుని పరుగెత్తాను. మా ఆవిడ కూరగాయల సంచితో మెట్టు మీద కూర్చుని ఉంది.

"దొంగ ఏడే?" అన్నాను రొప్పుతూ.

ఆవిడ తన ఫోన్ నా మొహం ముందు పెట్టింది. తెర మీద గులాబీ.

"గంట నుంచి చేస్తున్నా, నా ఫోన్ ఎత్తారా? ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగితే మాత్రం క్షణంలో పలుకుతారు!"