ఎర్రగీత చెట్టు

సత్తమ్మ చర్చివాళ్లతో సముద్రం చూడ్డానికి వచ్చింది గానీ, చూస్తున్నది చెట్ల మొదళ్లు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న గూడూరు నర్సరీలో పందొమ్మిదేళ్లుగా సంచుల్లో మట్టి నింపే చెయ్యి, ఊరికే ఉండమంటే ఉంటుందా? ఎప్పుడో తెల్లదొరలు ఓడల్లో మొక్కలు తెప్పించి ఒడ్డున పెంచిన తోట అది. ప్రతి చెట్టుకూ నోరు తిరగని పేరుతో ఒక పలక.

ఒక చెట్టుకు మాత్రం పలక పీకేసి ఎర్రగీత కొట్టారు. ఒక్క ఆకు లేదు. పక్కన కూలీ ఒకడు మిషన్ రంపం సర్దుకుంటున్నాడు.

సత్తమ్మ వంగి బొటనవేలి గోటితో బెరడు గీకింది. ఎండు. ఇంకాస్త కింద గీకింది. లేతపచ్చన. ఎండిపోయాయని పారేసిన మొక్కలను ఇట్లాగే గీకి చూసి ఎన్నిటిని బతికించిందో! మొగుడు పోయిన ఏడు సత్తమ్మ పని కూడా అయిపోయిందన్నారు ఊళ్లో. దినాలు కాగానే ఆమె నర్సరీకి పోయింది.

“గిది బతికే ఉన్నది. కొయ్యకుండ్రి.”

“బతికే ఉన్నదా?” తోట కావలివాడు ఆమె యాసను సాగదీసి నవ్వాడు. “ఏ ఊరమ్మా మీది?”

సత్తమ్మకు ఒళ్లు మండింది. “గూడూరు. మా దిక్కు సచ్చిన చెట్టునే కొడ్తరు. నన్ను లేపినంకనే గిది కొయ్యాలె.” చెట్టు మొదట్లో చతికిలబడింది.

పాస్టరు జయపాల్ పరుగెత్తుకొచ్చాడు. “సత్తమ్మక్కా, బస్సు కదుల్తున్నది! అందరు పరేషాన్ అయితున్నరు.”

“పోండ్రి అయ్యగారు. నేను రాను.”

చివరికి తోట ఆఫీసరమ్మే వచ్చింది. గీకిన చోట తనూ గీకింది. ఆ పచ్చదనాన్ని వేలితో తడిమింది. తర్వాత, “వానలు పడేదాకా ఆగుదాం,” అని రంపం తీసుకెళ్లమంది.

సత్తమ్మ లేచింది. రంపం కూలీ దగ్గరే కత్తి అడిగి తన ప్లాస్టిక్ నీళ్లసీసా అడుగు కోసింది. చుక్కచుక్కగా దిగేలా మూతకు పిన్నీసుతో చిల్లి పొడిచి, సీసాను తలకిందులుగా మట్టిలో గుచ్చి నీళ్లు పోసింది. కావలివాణ్ని చూసి, “రోజు నింపాలె,” అంది. సముద్రాన్ని కదిలే బస్సు కిటికీలోంచే చూసింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. జూన్ చివర్లో ఒక పొద్దున, మట్టి నింపుతూ నింపుతూ సత్తమ్మ సంచుల మీదికే ఒరిగిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అక్కడ సముద్రపు ఒడ్డున ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెట్టుకు ఇంకా చిగురు రాలేదు. మొదట్లో గుచ్చిన సీసాలో మాత్రం అంచుదాకా నీళ్లున్నాయి.