ఇరవై నాలుగోవాడు

పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు తలుపులు తెరిచేసరికే చంపుడు మాస్టారు మెట్ల మీద నిలబడి ఉంటాడు. ఆ ఆఫీసులో తయారయ్యే వీడియో ఆటలు ఆడి తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. రోజుకి ఎనిమిది గంటలు యుద్ధం చేసి, తక్కువలో తక్కువ రెండు వేలమందిని మట్టుబెట్టి, సాయంత్రం గొడుగు పట్టుకుని బుద్ధిగా ఇంటికి పోతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మనిషి మాత్రం గోడ మీద సాలీడు కనిపిస్తే టీ కప్పులో పట్టి కిటికీ బయట వదిలి వచ్చే రకం.

ఆయన పక్క బల్ల చేతులక్కది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆరేళ్ల కిందట బొత్తాలు నొక్కి ఆడేలా తయారుచేసిన యుద్ధం ఆటని, ఇప్పుడు కర్రలాంటిది చేత్తో పట్టుకుని ఊపుతూ ఆడే కొత్త యంత్రానికి మార్చే పని ఆ ఆఫీసు నెత్తిన పడింది. ఎదుటి మనిషి చెయ్యి ఏమంటోందో యంత్రానికి అర్థమయ్యేలా చెప్పడం ఆమె వంతు, ఆ పేరూ అందుకే. కర్ర చాపితే గురి. కిందికి విదిలిస్తే తూటాలు నింపుకోవడం. భుజం మీదుగా విసిరితే గ్రనేడు. వినడానికి మూడే ముక్కలు, కానీ చేతులన్నీ ఒకలా ఉండవు కదా. మొదటి వారం చంపుడు మాస్టారు తుమ్మితే వంతెన పేలిపోయింది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది, అది ఎవరూ అనుకోనిది. పాత ఆటలో బొటనవేలు చంపేది, మిగతా ఒంటికి ఆ సంగతి పట్టేది కాదు. ఇప్పుడు భుజం లేవాలి, చెయ్యి చాపాలి, ఎదుటివాడి గుండెకి సూటిగా పట్టుకుని నిలబడాలి. ఆడి చూడటానికి వచ్చినవాళ్లలో ఇద్దరు మధ్యలో కర్ర పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి వస్తామని చెప్పి మళ్లీ రాలేదు. ఆఫీసు నడిపే పెద్దసారు అది విని, అయితే పని బాగానే జరుగుతోందన్నాడు.

ఆ ఆటలో శత్రు సైనికులు వందలమంది. ముఖాలు బొమ్మలవాళ్లు గీసినవి, నడక మాత్రం అందరిదీ ఒక్కడిదే. ఒంటినిండా తెల్ల చుక్కలు అతికించుకుని, చుట్టూ కెమెరాల మధ్య నడిచి, పరిగెత్తి, పడి చూపించినవాడు చేతులక్క భర్త. కుడి భుజం కాస్త కిందికి జారి ఉండేది ఆయనకి. అందుకే ఆ సైన్యం మొత్తానికి కుడి భుజం కిందికి జారి ఉంటుంది. నలభై రకాలుగా పడ్డాడాయన. ముందుకి, వెనక్కి, గోడకి జారగిలబడి, మెట్ల మీంచి దొర్లి. నలభై ఒకటోది అడిగితే, మోకాళ్లు పట్టేశాయి, రేపు పడతానన్నాడట. ఆ రేపు పొద్దున్నే ఆఫీసు ముందు నాలుగు రోడ్ల కూడలిలో లారీ గుద్దేసింది.

నలభై ఒకటోది రావాల్సిన చోట ఒక సైనికుడు మిగిలిపోయాడు. మూడో స్టేజీలో, సగం కూలిన వంతెన దగ్గర, ఇసుక బస్తాల వెనక నిలబడి ఉంటాడు. ఇరవైనలుగురిలో ఆఖరివాడు. తనంతట తను కాల్చడు, ఎవరు కాల్చినా వాడికి తగలదు. రెండో ఏడాది వాడి చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఎవరు గీశారని పెద్దసారు అడిగితే బొమ్మలవాళ్లు ఎవరూ కాదన్నారు. నాలుగో ఏడాదికి చిన్న బొజ్జ వచ్చింది. పెద్దసారు చూసి, వాడి యూనిఫాం ఒక సైజు పెంచమని చెప్పి ఫోను మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. ఇంటి దగ్గరుంటే ఆ మనిషికి ఆ వయసుకి ఏమేం వచ్చేవో అవన్నీ వాడికి వచ్చాయి.

చేతులక్క మధ్యాహ్నం డబ్బా విప్పుకుని వాడి ఎదురుగా కూర్చుని తినేది. ఆరేళ్లు అలాగే తింది. ఆమెకి అదే కాపురం.

ఈ సంగతి అత్తగారికి చెప్పలేదు. కన్నకొడుకుని రోజుకి ఇన్ని వేలసార్లు కాల్చి పడేస్తున్నామని ఏ నోటితో చెబుతుంది? అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి కూడా దాచింది. ఆ పొద్దున ఆమె ముందుగా ఆఫీసుకి వచ్చి రెండో అంతస్తు కిటికీలో నిలబడింది. ఆయన కూడలికి అవతల, సిగ్నలు కోసం ఆగి ఉన్నాడు. పైకి చూసి నవ్వాడు. అప్పటికే ఆలస్యమైందని, త్వరగా రమ్మని ఆమె చెయ్యి ఊపింది. ఆయన రోడ్డు మీద అడుగు పెట్టాడు.

ఆ కిటికీకి అప్పట్నుంచి తెర వేసే ఉంది. ఆ కూడలి దాటాల్సి వస్తుందని ఆమె ఒక స్టాపు ముందే బస్సు దిగి, చుట్టూ తిరిగి వెనక గేటునుంచి వస్తుంది. చేతుల భాషంతా యంత్రానికి నేర్పింది గానీ, రమ్మని పిలవడం మాత్రం నేర్పలేదు. ఆటలో దాని అవసరమేముందని ఎవరూ అడగలేదు కూడా.

పాత ఆటలో ఇరవై నాలుగోవాడితో ఇబ్బంది లేకపోయింది. ఆడేవాళ్లు వాణ్ణి తప్పుకుని పక్కనుంచి నడిచిపోయేవాళ్లు. కొత్త యంత్రంలో చెయ్యి గురికే సరిపోతుంది, నడవడానికి వేరే ఏమీ లేదు. ఆటే మనల్ని నడిపిస్తుంది, అదీ ఎదుట ఒక్కడు కూడా మిగలనప్పుడే. ఇరవై మూడు దగ్గర లెక్క ఆగిపోయేది, వంతెన దగ్గరే అందరి యుద్ధమూ ఆగిపోయేది.

పెద్దసారు ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నేనేం రాయిని కాదమ్మా," అన్నాడు. "శుక్రవారం దాకా చూద్దాం. పడితే సరే. పడకపోతే మొత్తం తీసేసి కొత్త మనిషితో మళ్లీ తీయిస్తాం. ఒక్కడి నడక మార్చి మిగతావి ఉంచితే అతుకు కనబడుతుంది."

మొత్తం అంటే నడక, పరుగు, నలభై పడటాలు, అన్నీ. ఆయన ఒంటి కదలిక ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. పెళ్లి ఫొటోల్లో నిలబడి ఉంటాడు, అంతే.

ఆమె సోమవారం నుంచి తల పగలగొట్టుకుంది. నలభై పడటాలూ ఒక్కొక్కటే వాడికి తగిలించి చూసింది. వాడు దేనికీ పడలేదు. చంపుడు మాస్టారు చెయ్యి చాపి, గురి చూసి, అరగంట నిలబడి చివరికి కర్ర బల్ల మీద పెట్టేశాడు. "బొత్తమైతే కళ్లు మూసుకుని నొక్కేవాణ్ణి చేతులక్కా," అన్నాడు. "ఇది నావల్ల కాదు."

ఆ గొడవలోనే ఇంకో పని వచ్చిపడింది. డెబ్బై దాటినవాళ్ల చేతులు ఎలా ఊగుతాయో కొలతలు కావాలి. ఆఫీసులో ఉన్నవాళ్లు తాతల్ని, అమ్మమ్మల్ని వెంటబెట్టుకొచ్చారు. ఇంకొక్కరు తక్కువైతే, మీ అత్తగారున్నారుగా అని పెద్దసారే అన్నాడు. కాదనడానికి సాకు దొరకలేదు.

అత్తగారు ముప్పై ఏళ్లు బడిలో ఆటల టీచరు. విజిలు వాడేది కాదు. మైదానం ఇవతల నిలబడి చెయ్యి ఎత్తి రెండుసార్లు కిందికి ఊపితే, ఆ చివరున్న పిల్లలు కూడా ఎక్కడి బంతి అక్కడ వదిలేసి వచ్చేవాళ్లు. దెబ్బ తగలకుండా పడటం కొడుక్కి నేర్పింది ఆవిడే. భుజం వంచి నడవకురా, నిటారుగా నడు అని చిన్నప్పట్నుంచీ చెప్పి చెప్పి, ఆ ఒక్క విషయంలో ఓడిపోయింది.

గురువారం మధ్యాహ్నం కోడలు ఆవిణ్ణి వెనక గేటునుంచి తీసుకొచ్చి చిన్న గదిలో కూర్చోబెట్టింది. కొలతలు తీసేటప్పుడు తెర నల్లగా ఉండాలి, అది నియమం. కోడలు కర్ర తేవడానికి వెళ్లిన రెండు నిమిషాల్లో చంపుడు మాస్టారు అటుగా వచ్చాడు. పెద్దావిడ నల్ల తెరకేసి చూస్తూ ఒంటరిగా కూర్చుందని ఆయన ప్రాణం ఉసూరుమంది. కాల్పులూ రక్తం లేని చోటు పెడదామని వెతికి, పాపం, అన్నిటికంటే ప్రశాంతంగా ఉండేది పెట్టాడు. మూడో స్టేజీ, ఇరవై మూడు దగ్గర ఆగిపోయిన యుద్ధం.

కోడలు తలుపు తీసేసరికి అత్తగారు నిలబడి ఉంది. తెరమీద వాడు ఇసుక బస్తాల వెనక అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేస్తున్నాడు. ముఖం వాడిది కాదు, బొమ్మలవాళ్లది. ఆవిడ చూస్తున్నది ముఖాన్ని కాదు, నడకని.

"వీడిక్కడేం చేస్తున్నాడు?" అంది.

తను చేసిన పని అర్థమై చంపుడు మాస్టారు గోడకి అంటుకుపోయాడు.

"నిలబడి ఉంటారత్తయ్యా."

"ఎందుకు?"

"కాల్చడానికి." ఆగి, మళ్లీ చెప్పింది. "ఆయన్ని. ఎవరైనా వచ్చి కాల్చడానికి."

"ఎన్నాళ్లబట్టి?"

"ఆరేళ్లు."

అత్తగారు తెర దగ్గరికి వెళ్లి కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. జుట్టు నెరిసిందన్న మాట అనలేదు. బొజ్జ గురించీ అనలేదు. వాడికి మోకాళ్లు నొప్పెడుతున్నాయి, ఎవరికీ కనబడలేదా అని మాత్రం అడిగింది. తర్వాత కోడలి చేతిలో కర్ర తీసుకుని, దీంతో ఏమేం చెయ్యొచ్చని అడిగింది. కోడలు చెప్పింది. చాపితే గురి, విదిలిస్తే తూటాలు, విసిరితే గ్రనేడు.

"ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా."

ఆవిడ నాలుగడుగులు వెనక్కి వచ్చి, మైదానం ఇవతల నిలబడ్డట్టు నిలబడింది. కర్ర పట్టుకున్న చెయ్యి తలకంటే పైకెత్తి రెండుసార్లు కిందికి ఊపింది. ఆ సంజ్ఞ యంత్రానికి తెలియదు. కోడలు దాన్ని నేర్పలేదు, ఆ సంగతి ఆమెకి ఖాయంగా తెలుసు.

వాడు తలెత్తి చూశాడు. తుపాకిని బస్తాలకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. బస్తాలు దాటేటప్పుడు మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఇటువైపు నడిచాడు, కుడి భుజం జార్చుకుని, తొందరేమీ లేకుండా. కోడలికి గొంతుదాకా కేక వచ్చింది. ఆగమనాలో, రమ్మనాలో తెలియక అది అక్కడే నిలిచిపోయింది. తెరకి ఇంక రెండడుగులుందనగా వాడికి ఏం గుర్తొచ్చిందో, భుజం పైకి లాక్కుని నిటారుగా అయ్యాడు. అలాగే అంచుదాకా నడిచి, అంచు దాటి వెళ్లిపోయాడు. భార్య వైపు చూశాడో లేదో ఆమెకి తెలియదు. అప్పటికే కళ్లలో నీళ్లు అడ్డంపడి ఏమీ కనబడలేదు.

లెక్క ఇరవై నాలుగుకి మారింది. ఆట వంతెన మీదికి అడుగు వేసింది.

చంపుడు మాస్టారు ముక్కు చీదుకుని, తప్పుల పట్టీలో ఆ వరుసకెదురుగా సరిపోయిందని రాశాడు. పెద్దసారు వచ్చి చూసి, ఇక మళ్లీ తీయించనక్కర్లేదన్నాడు. భర్త నడక నిలిచింది, నలభై పడటాలూ నిలిచాయి. ఇసుక బస్తాల వెనక మాత్రం తుపాకి ఒక్కటే ఉంది. చేతులక్క ఆ బస్తాల ఎదురుగా కూర్చుని డబ్బా విప్పి, తినకుండానే మళ్లీ మూసేసింది. ఆరేళ్లూ ఆయన నలభై ఒకటోదాని కోసం నిలబడ్డాడనుకుంది. ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడ్డాడు. అంత దగ్గర కూర్చుని కూడా తను పిలవలేదు. చెయ్యెత్తడానికి భయం, పైగా పిలిస్తే వెళ్లిపోతాడని ఎక్కడో తెలుసు.

సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. అత్తగారు వెనక గేటుకేసి తిరగలేదు, నేరుగా ముందు మెట్లు దిగి కూడలి దగ్గర ఆగింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. బస్సులు, మోటారు సైకిళ్లు పోతున్నాయి.

"నేనే పిలిచానత్తయ్యా," అంది. "ఆ రోజు. ఆ కిటికీలోంచి, ఇలా. నన్ను చూసే అడుగు వేశారు."

అత్తగారు తల తిప్పి పైన తెర వేసిన కిటికీని చూసింది, మళ్లీ రోడ్డుని చూసింది. మెల్లగా కోడలి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. సిగ్నలు పడగానే ఒక్కతే రోడ్డు దాటి వెళ్లిపోయింది.

కోడలు అక్కడే ఉండిపోయింది. ఇంక ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో ఆమెకి తెలియలేదు. సిగ్నలు మారింది, బండ్లు కదిలాయి. బస్సు అడ్డంవచ్చి పోయింది, ఇంకో బస్సు అడ్డంవచ్చి పోయింది. అవతల అత్తగారు ఇటు వీపు పెట్టి దుకాణం ముందు నిలబడి ఉంది. ఆవిడ భుజాలు అదరడం ఇక్కడికి కనబడుతోంది. అలా ఎంతసేపు ఏడ్చిందో.

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది. సిగ్నలు పడేదాకా ఆగింది. గీత దగ్గర లారీ వచ్చి ఆగింది. అది పూర్తిగా ఆగేదాకా దానికేసే చూసింది. అప్పుడు చెయ్యి తలకంటే పైకెత్తి రెండుసార్లు కిందికి ఊపింది.

కోడలు రోడ్డు మీద అడుగు పెట్టింది.